వాయిదా పడిన ఆపరేషన్

ఆళ్లగడ్డలో జాకెట్లు కుట్టే హైమావతికి ఏళ్ల తరబడి ముట్టు నొప్పి. పెళ్లయితే పోతుందన్నారు, పోలేదు. చివరికి నంద్యాల డాక్టరమ్మ అది ఎండోమెట్రియోసిస్ అనీ, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరుగుతోందనీ చెప్పి ఆపరేషన్‌కు రమ్మంది.

తీరా వెళ్తే, "ఇప్పుడొద్దు, ముట్టు అయినాక రాండి" అంది. అంతకుముందే భర్త ఓబులేసు డాక్టరమ్మతో విడిగా మాట్లాడి రావడం హైమావతి చూసింది.

"ఆపరేషన్ చేస్తే పిల్లలు పుట్టరని నువ్వే ఆపించినావు కదా?" అని వరండాలోనే నిలదీసింది.

"పిల్లల సంగతి అడిగినా. ఆపమన్లేదు."

నమ్మలేక ఆమె మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది.

"ముట్టుకు ముందర అండాశయంలో ఆ నెల వచ్చే మామూలు నీటితిత్తి ఉండొచ్చమ్మా. దాన్ని జబ్బు తిత్తి అనుకుని పొరబడతాం. కడుపు నిలిచిందేమోనన్న సందేహమూ ముట్టయితే తీరుతాది. అందరు డాక్టర్లూ ఇట్ల ఆగరు, నేను ఆగుతా."

ముట్టు అయ్యాక ఆపరేషన్ జరిగింది. తరువాతి నెల హైమావతి వేడినీళ్ల సంచీ పెట్టుకుని నొప్పి కోసం కాచుకుంది. కాస్త నులినొప్పి తప్ప పాత బాధ రాలేదు.

"తగ్గిందా?" అన్నాడు ఓబులేసు.

"ఏమో, ఇంకా నమ్మకం లేదు" అంటూ లేచి మిషను ముందు కూర్చుంది.