ఉప్పులో నానిన స్టీలు కత్తి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఎల్బీనగర్ కాలనీవాళ్లు వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, వండుకు తిని నిరసన తెలపడమన్నమాట. మా అమ్మ మామిడికాయ పులిహోరకు ఒప్పుకుని, పక్కింటి గుంటూరు అత్తయ్య దగ్గర స్టీలు కత్తి అడిగి తెచ్చింది. మిగిలిన ముక్కలకు పచ్చడి కోసం ఉప్పు పట్టించి, కత్తిని ఆ గిన్నెలోనే వదిలేసి నినాదాలకు లేచింది. స్టీలుకు తుప్పు పట్టదని ఆమె ధీమా. మర్నాడు చూస్తే కత్తి నిండా గోధుమరంగు చుక్కలు!

అత్తయ్య కత్తిని వెలుగుకు పట్టి చూసింది.

"స్టీలైతే మాత్రం? ఉప్పులో, పులుపులో ఊరబెడితే ఏ కత్తయినా పాడవుతుంది వదినగారూ. మరకలు తోమితే పోతాయి, ఈ సన్న గుంటలు పోవు."

"గిట్లయితదని నాకేమెరుక వదినా!" అంది అమ్మ.

నాకు నవ్వాగలేదు. ఇద్దరూ కలిసి నన్ను కసిరారు.

మళ్లీ వంటావార్పు వచ్చింది. అమ్మ మొహమాటపడుతూనే కత్తి అడిగింది.

"ఈసారి కత్తి ఒక్కటే రాదు, నేనూ వస్తాను," అంటూ అత్తయ్య బయల్దేరింది. జెండాల మధ్య కూర్చుని ఒక్కో కాయా తరిగింది, తరిగినప్పుడల్లా కత్తి కడిగి తుడిచింది.

పొయ్యి దగ్గరున్నాయన ఆశ్చర్యపోయాడు. "ఏందక్కా, మీరు గూడ తెలంగాణ గావాలంటున్రా?"

"నేను కత్తి కోసం వచ్చాను బాబూ."

పులిహోర రుచి చూసి మాత్రం అత్తయ్య, చప్పగా ఉందని మొహం చిట్లించింది. కత్తిని మరోసారి తుడిచి, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, అప్పుడు కేకేసింది.

"ఇప్పుడు వేయండి ఉప్పు!"