పోగులు నేర్పిన పంతులమ్మ

ఓడ బొమ్మ చూపించగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "నాడె!" అని అరిచారు.

సుభద్రమ్మకు నవ్వు ఆగలేదు. రెండు కొసలూ సన్నగా, నడుమ బొజ్జతో ఆ ఓడ అచ్చం మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలాగే ఉంది. నకిరేకల్‌కు రెండు కోసుల దూరాన ఉన్న ఆ సాలెవాడలో పుట్టిన పిల్లలు సముద్రాన్ని ఎక్కడ చూశారు? వాళ్ళకు పంతులమ్మగా కూర్చున్న సుభద్రమ్మ మాత్రం ఎక్కడ చూసింది? తరువాతి పుటలో ఆపిలు పండును చూసి "టమాట" అన్నారు. రైలింజను చూసి ఏమీ అనలేదు. బాలవాడి పెట్టినప్పుడు బ్లాకు ఆఫీసు వాళ్ళు ఇచ్చినవి ఆ ఒక్క బొమ్మల పుస్తకం, రెండు చాపలు, ఒక రిజిస్టరు. ఆ పుస్తకం ఎవరి పిల్లల కోసం అచ్చేశారో గాని, ఈ పిల్లల కోసం మాత్రం కాదు.

అది పంతొమ్మిది వందల అరవై. అంతకు రెండేళ్ళ ముందు ఆమె భర్త గండయ్య దగ్గి దగ్గి చనిపోయాడు. మగ్గం అమ్మేసి, మగ్గం గుంటను ఎర్రమట్టితో పూడ్చింది. అయిదో తరగతి చదివిన ఆడమనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే కాబట్టి బాలవాడి ఆమెకే ఇచ్చారు. జాగా ఏది అంటే ఆమె ఇల్లే. గండయ్య ఇరవై ఏళ్ళు కాళ్ళు వేలాడేసి కూర్చున్న ఆ గుంట మీదనే ఇప్పుడు పిల్లలు చాప పరుచుకుని కూర్చుంటున్నారు.

నల్లగొండలో నెల రోజుల శిక్షణలో ఒక ముసలి మాస్టరు చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుంది. పిల్లలకు వాళ్ళ ఇళ్ళలో ఉన్నదే చూపించండి, చేతులతో చేయనివ్వండి, చేసిందే వాళ్ళకు గుర్తుంటుంది అన్నాడాయన. సుభద్రమ్మ చినిగిన చీరముక్కలు కత్తిరించి, సూదితో కుట్టి, ఒక గుడ్డ పుస్తకం తయారుచేసింది. మేక, కోడి, రోలు, కల్లుముంత, మగ్గం. పుట తిప్పితే చాలు, పిల్లలు ఎగిరి గంతులు వేసేవాళ్ళు. మేక చెవిని పట్టి లాగి, అది ఊడితే మళ్ళీ కుట్టించుకునేవాళ్ళు.

ఆ తరువాత ఇంటింటికీ తిరిగి వృథా పోగులు అడిగి తెచ్చింది. ఎరుపు ఒక కుప్ప, పసుపు ఒక కుప్ప, నలుపు ఒక కుప్ప. రంగులు వచ్చాక లెక్క. లెక్క కోసం ఆమె అతుకుడు ఎంచుకుంది. పాత పడుగు అయిపోయినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకోవాలి. చీరకు వేల పోగులు. పెళ్ళికి ముందు ఆ వాడలో అతుకుడులో సుభద్రమ్మను మించినవాళ్ళు లేరు. ఆమెకు అదే వచ్చు, అదే నేర్పింది. కొబ్బరి చిప్పలో బూడిద పోసి నడుమ పెట్టేది. పిల్లలు పోగు అతికి ఒకటి, అతికి రెండు అని పాడేవాళ్ళు.

అందరిలోకీ గుర్వమ్మ చురుకు. అయిదేళ్ళది. పక్కింటి రామచంద్రయ్య బిడ్డ. ఇరవై దాకా లెక్క నాలుగు రోజుల్లో వచ్చింది, వంద దాకా నెలలో వచ్చింది. దాన్ని జూన్‌లో ఒకటో తరగతిలో చేర్పించాలని సుభద్రమ్మ పట్టుబట్టింది. సుభద్రమ్మ తరువాత ఆ వాడ నుంచి మరో ఆడపిల్ల బడికి పోయింది లేదు. రామచంద్రయ్యను అడిగితే నాడె ఆపకుండానే అన్నాడు.

"ముందుగాల దానికేమొచ్చిందో సూడనీ వదినె. ఊకె తింటానికి, ఆడుకుంటానికి బడెందుకు?"

"సూద్దువు గాని. ఐతారం సేవికమ్మ వస్తాంది, నువ్వు గూడ రా."

ఆ ఆదివారం బాలవాడి చూడటానికి బ్లాకు ఆఫీసు గ్రామసేవిక జీపులో వచ్చింది. వాడంతా గుమ్మం ముందు నిలబడింది. ఏం చేసి చూపిస్తే రామచంద్రయ్య మనసు కరుగుతుందో సుభద్రమ్మ మూడు రోజులు ఆలోచించింది. మేక బొమ్మ చూపిస్తే నవ్వుతాడు. అతనికి తెలిసిన పనే చూపించాలి అనుకుంది.

గుర్వమ్మ బూడిద అద్దుకుని కూర్చుంది. దాని చిట్టివేళ్ళు పోగుల మీద మిణుగురుల్లా తిరిగాయి. ఒకటి, రెండు, మూడు... ఒక్క తప్పు లేకుండా వంద దాకా లెక్కపెట్టింది. ఒక్క అతుకూ ఊడలేదు.

"అద్భుతమండీ సుభద్రమ్మ గారూ! దీన్ని రాసుకుంటాను. నేతపని ఊళ్ళన్నిటిలో ఇలాగే నేర్పాలి" అంది సేవికమ్మ.

రామచంద్రయ్య ఆమె మాట వినలేదు. బిడ్డ నోటి లెక్కా వినలేదు. దాని వేళ్ళనే చూస్తున్నాడు.

మరునాడు గుర్వమ్మ రాలేదు. మధ్యాహ్నం సుభద్రమ్మ పక్కింటికి పోయింది. మగ్గం మీద పడుగు పోగులు దూరే అచ్చు వెనుక పీట మీద పిల్ల కూర్చుని ఉంది. ముందర చిప్పలో బూడిద. పెదవులు కదులుతున్నాయి.

"ఇదేంది మరిదీ?"

"అతుకుతాంది." అతని ముఖంలో సంతోషం దాగడం లేదు. "దాని తల్లికి కండ్లు మసకలైనయ్, పడుగు మూడు దినాలసంది ఆగింది. మా అయ్య నాకు ఎనిమిదేండ్లకు నేర్పిండు. నువ్వు అయిదేండ్లకే తయారుచేసినవ్. నీ బాకీ ఎట్ల దీర్చుకోవాలె వదినె?"

"నేను లెక్క నేర్పిన."

"లెక్క గూడ వస్తాంది. ఆర్నూర్లైనయంట."

సుభద్రమ్మ ఒక్కతే ఇంటికి తిరిగి వచ్చింది. ఆ వారం వాడలోని మల్లప్ప కూడా తన ఇద్దరు పిల్లలనూ అతుకుడుకు ఆపేశాడు. పోచయ్య కూతురు ఆగింది. వాడలో ఎవరికీ ఆమె మీద కోపం లేదు, పైగా ఎదురుపడితే నవ్వి పలకరించేవాళ్ళు. చాప మీద ఏడుగురు మిగిలారు, వేళ్ళు ఇంకా పని నేర్వనివాళ్ళు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆమె గుర్వమ్మ కోసం మళ్ళీ పోయింది. కొత్త పలక కొంగులో దాచుకుని పోయింది. రామచంద్రయ్య అడ్డం చెప్పలేదు. "దాన్నే అడుగు" అన్నాడు.

"నేను రాను పెద్దమ్మ" అంది పిల్ల, తల ఎత్తకుండానే. "బాపు నన్ను పనిమంతురాలన్నడు."

ఆమె ఇంటికి వచ్చి బూడిద చిప్పను దిబ్బ మీద పారేసింది. ఇతర ఊళ్ళ పంతులమ్మలకు అతుకుడు నేర్పడానికి రమ్మని ఆఫీసు నుంచి కబురు వస్తే, చేతులు వణుకుతున్నాయని అబద్ధం చెప్పింది. అప్పటి నుంచి బంకమట్టితో, చింతగింజలతోనే నేర్పింది. చింతగింజలతో ఏ తండ్రికీ పని ఉండదు.

ఆరేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున గుమ్మంలో గుర్వమ్మ నిలబడింది. చంకలో మూడేళ్ళ చెల్లెలు.

"పెద్దమ్మా, ఇది సైదమ్మ. దీన్ని నీ దగ్గర కూసోబెడ్త." చెల్లెల్ని చంకలో సర్దుకుంటూ మెల్లగా అంది. "దీనికి పోగులు నేర్పకు."

"ఎన్నడో మానేసిన బిడ్డా."

గుర్వమ్మ చాప మీద కూర్చుని గుడ్డ పుస్తకం తీసింది. మొద్దుబారి పగిలిన వేలికొసలకు గుడ్డ చిక్కుకుంటోంది, పుట తిరగడం లేదు. దాన్ని పక్కన పెట్టి ఆఫీసు వాళ్ళ పాత పుస్తకం తెరిచింది.

"ఇది నాడె గాదు గద?"

"కాదు. ఓడ."

"ఏడుంటది?"

"సముద్రంల."

గుర్వమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఒళ్ళోని చెల్లెలు బొమ్మ మీద అరచేయి వేసి గట్టిగా అరిచింది.

"నాడె!"

అక్క నవ్వలేదు. ఆ చిన్న చేతిని తీసి తన గుప్పిట్లో మూసి పెట్టుకుంది.