ఒళ్లో మోసిన బ్యాటరీ

ఆ రోజుల్లో కరెంటంటే మా దృష్టిలో కడప టవునులో పెద్దోళ్ల వీధుల్లో మాత్రమే వెలిగేది. దాన్ని నల్లపెట్టెలో నింపి ఊరూరా తిప్పవచ్చని పెళ్లయ్యాకే చూశాను. మా ఆయనకు ఒక పాత వ్యాను ఉండేది. దాని నెత్తిన మైకు బాకాలు కట్టి తిరునాళ్లకు బాడుగకు పోయేవాడు. అంతకుముందేడు ఒంటిమిట్టలో హరికథ సగంలోనే బ్యాటరీ అయిపోయి మైకు మూలిగి ఆగిపోయింది. ఈసారి రాములవారి కల్యాణానికి పిలుస్తూనే పెద్దమనుషులు, "మళ్లీ గొంతు పడిపోతే ఇంగ నీ బండి ఈ పక్క రావద్దప్పా" అనేశారు. వేరే బతుకు మాకు లేదు.

అందుకే ఒంటిమిట్టకు పోతూ కడపలో బ్యాటరీల అంగడి ముందు ఆగాము. నేను పెళ్లినాటి నూలుచీర కట్టుకున్నాను (టవును చూడటం అదే మొదలు మరి). బల్ల మీద ఒకే సైజు పెట్టెలు రెండున్నాయి. మా ఆయన చెయ్యి లారీలకు వాడేదాని మీదికి పోయింది. "ఇది లారీనే ఒక్క దెబ్బకు లేపుతాది, మైకెంత!"

మిస్త్రీ సాయిబు నవ్వాడు. "లేపుతాదప్పా, లేపి పండుకుంటాది. దీంట్లో సీసం రేకులు పల్చన. ఒక్కసారి ఊపిస్తాయి, అంతే. ఇంగోదాంట్లో రేకులు మందం. నిదానంగా పొద్దంతా ఇస్తాది. అడుగుదాకా వాడినా మళ్లీ ఛార్జింగు పెడితే లేస్తాది."

నాకు వెంటనే తెలిసిపోయింది (మా నాయన ఎద్దుల బేరగాడు). ఒకటి గుంతలో దిగిన బండిని లాగే ఎద్దు, ఇంకొకటి పొద్దుగూకేదాకా బావినీళ్ల కపిల లాగే ఎద్దు. మా ఆయన మాత్రం నమ్మలేదు. నేను రెండూ ఎత్తి చూశాను. "ఏమయ్యో, ఈ మందం రేకులదే బరువుండాది. సీసం దీంట్లోనే శానా ఉండాది."

"నువ్వేమన్నా కందులు తూస్తాండావా?"

అంగడంతా నవ్వింది. నేను మాత్రం ఆ బరువుదాన్ని దించలేదు. ఆయన సణుగుతూ దాన్నే కొన్నాడు. వ్యానులో అది పడిపోతుందని ఒళ్లో పెట్టుకున్నాను. "ఒళ్లో వద్దమ్మా, కిందబెట్టు!" అని సాయిబు అరిస్తే, పగలగొడతానని భయపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

ఒంటిమిట్టలో మధ్యాహ్నం మొదలైన హరికథ దీపాలవేళ దాటింది. అంత జనంలో చివరి మనిషికీ దాసుగారి ఊపిరి వినబడుతోంది. పెట్టె మీద అరచెయ్యి పెట్టాను. పొగ లేదు, చప్పుడు లేదు. ఇంత గొంతు ఇందులో యాడ దాగిందో! మంగళహారతి దాకా గొంతు పడలేదు. ఒళ్లు పులకరించి లేచి నిలబడ్డాను. చీర లేవలేదు. ఒలికిన యాసిడ్ తిన్న కుచ్చిళ్లు సాలెగూడులా రాలిపోయాయి. మా ఆయన పరుగున వచ్చి వ్యాను మీది టార్పాలిను నాకు చుట్టాడు.

"బ్యాటరీ నిలిచె, చీర నిలవల్యా!" అంటూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

పెద్దమనిషొకాయన ఆయన భుజం తట్టి, "వచ్చే ఏడూ నీ బండే రావల్లప్పా" అన్నాడు.

మా ఆయన పోయి ఏళ్లయింది. రాములవారి పెళ్లిలో రాములవారికి వీపు తిప్పి, టార్పాలినులో నిలబడి నల్లపెట్టెకు దణ్ణం పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే, ఒంటరిగా కూర్చున్నా నవ్వుకుంటాను.