అమీన్ సాబుకు చెప్పిన పాఠం

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. నా భార్య పోయేదాకా ఆమెకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అవి రజాకార్ల రోజులు. సూర్యాపేటలో నేను కుర్రపంతుల్ని. ఇంగ్లీషు వచ్చినవాడినని కాస్త తలపొగరు కూడా ఉండేది. పోలీసు అమీన్‌కు పైఉద్యోగం పరీక్ష కోసం ఆ భాష కావలసి వచ్చి, సాయంత్రాలు ఇంటికి రమ్మన్నాడు. భయపడి ఒప్పుకున్నానా? మొదట భయమే. తరవాత ఆయన ‘మాస్టర్ సాబ్’ అని కుర్చీ వేయించడం నాకు నచ్చింది. సిగ్గుగా ఉంది, కానీ నచ్చింది.

ఒకనాటి పాఠం, కథను ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది. ‘ఐ’ అంటూ చెప్పేవాడు తాను చూసిందే చెప్పగలడు. ‘హీ’ అంటూ ఇంకొకరి కథ చెప్పేవాడు మూసిన తలుపు వెనక ఉన్నదీ, ఆ మనిషి మనసులో ఉన్నదీ కూడా చెప్పవచ్చు. నక్కా కాకీ కథతో ఎంత చెప్పినా ఇది ఆయనకు ఎక్కలేదు.

“నక్కలు, కాకులు వద్దు మాస్టర్ సాబ్. జర నిజం మనిషి ముచ్చట చెప్పుండ్రి, సమజైతది” అన్నాడు.

నా నోటికి నర్సయ్య వచ్చాడు. నర్సయ్య నా స్నేహితుడు. సర్కారుకు ఎదురు తిరిగి, సరిహద్దు దాటే అదను కోసం కోదాడలో కుమ్మరి మల్లయ్య ఇంట్లో దాక్కున్నాడు. ఆ సంగతి మల్లయ్య కాక నర్సయ్య భార్య సోమక్కకూ నాకూ మాత్రమే తెలుసు. నేను పేరు చెప్పలేదు. ఊరూ చెప్పలేదు. కుండలు కాల్చే ఆవం వెనక ఒక మనిషి ఉంటాడన్నాను. పొద్దుగూకితే సరిహద్దు దాటే బండ్ల చప్పుడు వింటాడనీ, తెగిన వేలున్న చేత్తో బీడీ చుట్టుకుంటూ బిడ్డను తలుచుకుంటాడనీ అన్నాను. ముందు ‘ఐ’ అని చెప్పి, తరవాత ‘హీ’ అని చెప్పి చూపించాను. ఎంత బాగా చెప్పానో!

“వహ్వా! అన్నీ ఎరుకే గద ఈ ‘హీ’ చెప్పేటోనికి” అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే కోదాడలో నర్సయ్యను పట్టుకుపోయారు, మల్లయ్యను మాత్రం ముట్టలేదు. మళ్లీ రాలేదు. శవమైనా ఇంటికి చేరలేదు.

పేరు చెప్పలేదు కదా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. నర్సయ్య ఆనవాలే ఆ తెగిన వేలు. దాని సంగతి ఎందుకు చెప్పాను? అది లేకపోయినా పాఠం నడిచేది. కానీ అది ఉంటేనే కథకు ప్రాణం వస్తుందని, నేను గొప్పగా చెబుతానని ఒక పోలీసువాడు అనుకోవాలని చెప్పాను. ఆ క్షణంలో నర్సయ్య నాకు మనిషిగా కాక మంచి ఉదాహరణగా కనిపించాడు.

సోమక్క బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది.

“అన్నా, ఎవలు చెప్పిండ్రే? మల్లయ్యేనా?”

“ఏమో చెల్లె. ఎవడో చెప్పిండు.”

మల్లయ్య కాదు అని ఒక్క మాట అనలేదు. ఆమె దాన్ని అవుననే అనుకుంది. ఊరూ అదే అనుకుంది. మల్లయ్య కుండలు కొనేవాళ్లు లేకపోయారు. కుండలు చేసే సారె బండికెత్తుకుని పెళ్లాంపిల్లలతో మిర్యాలగూడ వెళ్లిపోయాడు. సర్కారు మారాక ఒకసారి అక్కడి అంగట్లో నాకు కనిపించాడు. “బాగున్నవా పంతులూ, సోమక్క ఇంకా నన్నే తిడుతున్నదా?” అని అడిగాడు. నేను ఒక కుండ కొనుక్కుని వచ్చేశాను.

ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పాఠానికి మామిడిపండు తిన్న పిల్లవాడి కథే చెప్పాను. పిల్లలు ఆవలించేవారు.

సోమక్క లేదు. మల్లయ్యా లేడు. క్షమించమని అడగడానికి ఎవరూ మిగలలేదు, మిమ్మల్ని అడగడం లేదు. సోమక్కకు ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను, అంతే. మల్లయ్య చెప్పలేదు చెల్లె. నేను చెప్పాను.