వెనక సీటు మాట

గుణదలలో స్కూటర్ మెకానిక్ ఆరోన్ పాతికేళ్ల వయసులో ఒక పుస్తకం చదివాడు. మోటారుసైకిల్ మీద దేశం చుట్టిన ఒకాయన, దారిపొడవునా బతుకు గురించి ఆలోచిస్తూ రాసిన పుస్తకమది. బండి చెప్పేది వినాలంటే మనిషి నోరు మూసుకోవాలని అందులో ఉంది. ఆ మాట ఆరోన్‌కి శాసనమైపోయింది. బండెక్కాక భార్య అమలమ్మను కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు.

2004లో అమలమ్మకు గొంతు కేన్సరని తేలింది. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదన్నారు డాక్టర్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మనసు నిలవక ఆ పుస్తకం మళ్లీ తీశాడు. అప్పట్లో పట్టించుకోని మనిషి ఈసారి కనబడింది. ప్రయాణమంతా ఆయన వెనక సీట్లో భార్య ఉంది. పుస్తకం మొత్తంలో ఆమె అన్న మాట ఒక్కటీ లేదు.

ఆరోన్ స్కూటర్ బయటికి తీసి అమలమ్మను ఎక్కించుకున్నాడు. కాలవగట్టు మీద మెల్లగా పోతూ, "ఏదైనా చెప్పు అమలా," అన్నాడు.

"మీకు ఇంజన్ చప్పుడు వినబడదేమో," అందామె బొంగురు గొంతుతో.

"దానికేం, ఎప్పుడైనా వినొచ్చులే."

ఆమె సీటు మీద కాస్త సర్దుకుని కూర్చుంది. "ఊళ్లో వాళ్ల బళ్లన్నీ బాగుచేస్తారు గానీ, ఈ సీటు మీద నా నడుం విరిగిపోతుందండీ. ఎన్నేళ్లనించో చెబుదామనుకుంటున్నా."

"ఇంకా చెప్పు."

అమలమ్మ చల్లపల్లిలో పెళ్లయిన నాటినుంచి మొదలుపెట్టింది. ఇంటికి తిరిగే మలుపు వచ్చినా ఆరోన్ బండి తిప్పలేదు.