పాపక్క పేరు మీద పిస్తోలు

బెంగళూరు శివారు వర్తూరులో పాపక్క అనుమానం గురించి తెలియనివాళ్లు లేరు. పాలవాడు పాలు పోస్తే గోటి మీద చుక్క జార్చి చూసేది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిని గేటు బయటే నిలబెట్టి కార్డు చూపించమనేది. జనం వెనకాల నవ్వుకునేవాళ్లు గానీ, ఆమెకు ఆ గుణం ఊరికే రాలేదు. భర్త వెంకటగిరియప్ప ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నప్పుడు, ఒక భూముల బ్రోకరు పండ్ల బుట్టతో పరామర్శకు వచ్చాడు. పాపక్క బుట్ట అందుకుని యాపిల్ పండ్ల కింద చెయ్యి పెట్టింది. చేతికి వేలిముద్రల ఇంకు డబ్బీ తగిలింది. ఇక ఆ తర్వాత ఎవరినీ తేలిగ్గా నమ్మలేదు.

వెంకటగిరియప్ప పోయాక ఆమెకు మిగిలింది ఒక పెంకుటిల్లు, దాని వెనక వరసగా బాడుగ గదులు, అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుక్కుపోయిన ఒక ముక్క నేల, ఒక జోడు గొట్టాల తుపాకి. ఆ నేలలో ద్రాక్ష తోట ఉన్న కాలంలో పిట్టల్ని బెదరగొట్టడానికి ఆయన పేల్చేవాడు. ఆ తుపాకి లైసెన్సును పాపక్క తన పేరు మీదికి మార్పించుకుంది. పేల్చింది లేదు. అప్పుడప్పుడు గోడ మీంచి దించి, నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ తగిలించేది.

పిల్లలు లేరు. చనిపోయిన అక్క కొడుకు హరీశ్‌ను చిన్నప్పటి నుంచి తనే పెంచింది. వాడు కారు డ్రైవరయ్యాడు. ఈమధ్య ఎవరి దగ్గర పని చేస్తున్నావంటే “రియల్ ఎస్టేట్” అనేవాడు, అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఒక ఉదయం హరీశ్ వేడి వడల పొట్లంతో వచ్చాడు.

“చిన్నమ్మా, నువ్వు ఒంటిగా ఉండావు. పక్క సైటుకు ఎవురెవురో వచ్చిపోతావుండారు. ఆ పెద్ద తుపాకి నువ్వు ఎత్తను కూడా ఎత్తలేవు. చిన్న పిస్తోలు ఒకటుంటే ధైర్యం కదా? మంచిదొకటి వచ్చుండాది. ఇటలీది. సెకండ్ హ్యాండే గానీ కొత్తదాని మాదిరే ఉండాది.”

“ఎంతప్పా?”

వాడు ధర చెప్పాడు. పాత మోటారు సైకిలు కూడా అంతకు రాదు.

పాపక్క వడ తుంచడం ఆపింది. ఫారిన్ పిస్తోళ్లు కొత్తవి మనలాంటివాళ్లకు దొరకవనీ, అందుకే పాతవాటికి బంగారం ధర పలుకుతుందనీ భర్త చెబుతుండగా ఎన్నోసార్లు వింది.

“అంత చవగ్గా యాల ఇస్తావుండారు?”

“ఆయప్పకు వయసైపోయింది. చేతులు వణుకుతాయి. పెట్టుకుని ఏం జేస్తాడు?”

“ఎవురాయప్ప?”

“నీకు తెల్దులే చిన్నమ్మా. నేనూ ఆ పిస్తోలును చూడలేదు. తెలిసినోళ్లు చెప్పినారు.”

పర్మిషన్ల కోసం పోలీసు ఆఫీసుల చుట్టూ హరీశే తిరిగాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చిపెట్టమంటే వారం సతాయించేవాడు, దీనికి మాత్రం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. ఆ హుషారు చూసేకొద్దీ పాపక్కకు అనుమానం పెరిగింది.

వెనక గదిలో ఉండే ఆదెమ్మతో ఒకసారి ఆ మాట అంది. ఆదెమ్మది అనంతపురం వైపు పల్లె, భార్యాభర్తలిద్దరూ కట్టడం పనికి పోతారు.

“నువ్వు పెంచిన బిడ్డే కదమ్మా,” అంది ఆదెమ్మ, మెంతికూర వలుస్తూ. “నీ మంచికే చేస్తాండాడేమోలే.”

పాపక్కకు సిగ్గేసింది. జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో వేసుకుని కూర్చున్న పిల్లవాణ్ణి, పాలవాణ్ణి అనుమానించినట్టు అనుమానిస్తున్నానా అని తనను తనే తిట్టుకుంది. అయినా ఆ అనుమానం పోలేదు.

తుపాకుల అంగడి దండు, అంటే కంటోన్మెంటు, వైపు పాత వీధిలో ఉంది. యజమాని వెంకటరాయప్ప ముసలాయన. భర్త వెంకటగిరియప్ప తూటాలు కొన్నది ఆయన దగ్గరే. ఆయన గుడ్డలో చుట్టిన పిస్తోలు తెచ్చి, ఖాళీగా ఉందని చూపించి, అద్దాల బల్ల మీద పెట్టాడు. నల్లగా, అరచేతికి కాస్త పెద్దగా ఉంది. పాపక్క ఎత్తింది. అనుకున్నదానికంటే బరువు. పిడిలోంచి తూటాల పెట్టె ఎలా తీయాలో వెంకటరాయప్ప చెప్పాడు. ఆమె నొక్కింది, లాగింది. రాలేదు.

“అట్లా కాదు చిన్నమ్మా,” అంటూ హరీశ్ చెయ్యి చాచాడు. “అది కొంచెం పట్టేస్తాది. బొటనవేలితో నొక్కి, ఇట్లా ఒక్కసారి విదిలించాల.”

పెట్టె మెత్తగా జారి వాడి అరచేతిలో పడింది. వాడు పిస్తోలు వైపు చూడను కూడా లేదు. చొక్కా గుండీ పెట్టుకున్నంత సులువుగా చేశాడు.

చూడనే లేదన్న పిస్తోలది. పాపక్క ముసలాయన వైపు తిరిగింది.

“అన్నా, ఇది ఎవురిది?”

వెంకటరాయప్ప హరీశ్ వైపు ఒకసారి చూశాడు. “రాఘవేంద్రదమ్మా. కేసు పడి లైసెన్సు రద్దయింది. లైసెన్సుండే ఎవురికన్నా అమ్మాల, లేదంటే సర్కారుకు అప్పజెప్పాల.”

బెదిరించి భూములు రాయించుకునే రాఘవేంద్ర అంటే వర్తూరులో పిల్లలకు కూడా తెలుసు. రెండు వీధుల అవతల ఉండే పెద్దమునియప్ప, తాతల నాటి నేల అమ్మనని మొండికేసిన మనిషి, కిందటేడు ఉన్నట్టుండి సంతకం పెట్టేశాడు. ఇంటి ముందు కారు ఆగిందని, లోపల కూర్చున్నవాడు ఒళ్లో పిస్తోలు పెట్టుకుని మాట్లాడాడని జనం గుసగుసలాడారు. కారు నడిపిన వాడి ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

హరీశ్ ఏమంటాడో చూద్దామని పాపక్క మామూలుగానే అంది: “సరే, తీసుకుంటా. ఇంటికి మాత్రం వద్దు. అన్నా, మీ అంగట్లోనే పెట్టుకోండి. నేనొచ్చి అడిగితే తప్ప ఎవురికీ ఇవ్వొద్దండి.”

“అంగట్లో పెట్టేదానికి యాల కొనేది?” హరీశ్ గొంతు లేచింది. “ఇంట్లో ఉండాల. నేను చూసుకుంటా కదా! అవసరం పడినప్పుడు నేను...”

ఆగిపోయాడు.

“పెద్దమునియప్ప ఇంటికాడికి కారు నడిపింది ఎవురప్పా?” పాపక్క మెల్లిగా అడిగింది.

హరీశ్ వీధిలోకి చూశాడు. ఆమెకు ఇంక చెప్పనక్కర్లేదు: కాగితం తన పేరు మీద, పిస్తోలు ఆ కారులో. పిస్తోలును గుడ్డలో చుట్టి ముసలాయన వైపు నెట్టింది.

“నాకొద్దన్నా.”

బయట ఫుట్‌పాత్ మీద హరీశ్ కేకలేశాడు. “సొంత మనిషినే నమ్మవు నువ్వు! చిన్నాయన పోయినప్పుడు భుజం మీద మోసింది ఎవురు? నిన్ను అడిగేదానికి ఎవురుండారు, నేను గాక?”

అది నిజమే. అందుకే ఆ మాట గుండెలో దిగబడింది. పాపక్క ఆటో ఎక్కి ఒంటరిగా ఇల్లు చేరింది.

తర్వాత హరీశ్ రావడం మానేశాడు. తన పేరు మీద లైసెన్సు ఉన్నంతకాలం ఇంకెవరో వడలు పట్టుకుని వస్తారని పాపక్కకు తోచింది. భర్త తుపాకిని కూడా స్టేషన్లో అప్పజెప్పేసింది. “ఏమమ్మా, ఇంట్లో ఏమన్నా గలాటానా?” అని అడిగారు. “లేదప్పా, వయసైంది” అంది. ఇంటికొచ్చి గోడ మీద ఖాళీ మేకులు చూసి, భర్త మళ్లీ పోయినంతగా ఏడ్చింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం హరీశ్ గేటు బయట తడుస్తూ నిలబడ్డాడు. చిక్కిపోయాడు. పీణ్యలో ఒక మెషిన్ షాపులో చేరానన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“రాఘవేంద్ర మనుషుల్ని పట్టుకున్నారు చిన్నమ్మా. కారులో ఆ పిస్తోలే దొరికింది. ఇప్పుడది మహదేవపురలో ఈరమ్మ అనే ఆమె పేరు మీద ఉండాది. ఆమె తమ్ముని కొడుకు చైతు కొనిపించినాడంట. వాడు పారిపోయినాడు. పోలీసులు ఆమెను పిలిచి పిలిచి అడుగుతావుండారు. నువ్వు కాబట్టి ఆ పొద్దు వద్దన్నావు.”

తిడుతుందనుకుని తల వంచుకున్నాడు. పాపక్క అడిగింది వేరే.

“ఆమెకు తోడు ఎవురుండారు?”

“ఎవురూ లేరు.”

పాపక్క గొడుగు తీసుకుంది. “నడు. ఆ పిస్తోలు ఎట్లా చేతులు మారిందో స్టేషన్లో నువ్వు చెప్పాల.”

“నన్నూ లోపలేస్తారు చిన్నమ్మా.”

“వేస్తే నేను క్యారియర్ తెస్తా.”

ముందు ఈరమ్మ ఇంటికి వెళ్లారు. తలుపు తెరుచుకోలేదు. కిటికీ రెక్క కొంచెం జరిగింది. “ఎవురు మీరు? ఎవురు పంపినారు?” అంది లోపలి గొంతు.

“ఎవురూ పంపలేదమ్మా. ఆ పిస్తోలు నన్నూ కొనమన్నారు,” అని పాపక్క మెట్టు మీద కూర్చుంది. తలుపు తీయకుండానే ఈరమ్మ, “మంచినీళ్లు కావాలా?” అని అడిగింది.

మరుసటి ఉదయం ముగ్గురూ స్టేషనుకు వెళ్లారు. పెద్దమునియప్ప ఇంటి ముందు కారు ఆపిన రోజుతో సహా హరీశ్ అంతా చెప్పాడు. వాణ్ణి ఆ సాయంత్రం వదల్లేదు. ఈరమ్మను మాత్రం ఇంటికి వెళ్లమన్నారు. ఆమె వెళ్లలేదు. పాపక్క పక్కనే బెంచీ మీద కూర్చుని, ఆమె తెచ్చిన క్యారియర్ మూత తీసి చూసి, రేపు తను వండాలంటే హరీశ్‌కు కారం ఎక్కువ పడుతుందా తక్కువ పడుతుందా అని అడిగింది.