గుమ్మం పక్కన సంచి

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అందరూ అతన్ని బొంగరం అంటారు. కాలు ఒకచోట నిలవని మనిషి. ఒక భవనంలో పని ముగియకముందే తర్వాతి భవనం వాచ్‌మన్‌కి ఫోను కొడతాడు. అలాంటివాడి చేతికి తొమ్మిదేళ్ళ మేనకోడలు వచ్చింది.

అక్క పోయాక పిల్ల కొన్నాళ్ళు నాన్నమ్మ దగ్గర ఉంది. ఆవిడ మంచం పట్టాక తండ్రి వైపు పెద్దమ్మ ఇంటికి, అక్కడ పొసగక పిల్లల హోంకి చేరింది. తండ్రి ఎప్పుడో ఎటో వెళ్ళిపోయాడు. పనిమీద దూరపు ఊళ్ళలో తిరుగుతున్న బొంగరానికి సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలిసిన మర్నాడే వచ్చి బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబడ్డాడు.

"నేను దాని మేనమామను. నాకు అప్పగించండి."

"అడగ్గానే ఇవ్వడానికి ఇదేమైనా సామానా?" అంది అధ్యక్షురాలు.

పెళ్ళికాని మగవాడు, పగలంతా పని. పిల్లనెవరు చూస్తారని అడిగారు. పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ, సాయంత్రాలు తన దగ్గర ఉంచుకుంటానని వచ్చి చెప్పింది. చివరికి కొన్నాళ్ళు ఉంచి చూద్దామన్నారు. కమిటీ తరఫు అధికారిణి ఇంటికొచ్చి చూసి సరేనంటే, అతన్ని సంరక్షకుడిగా నియమిస్తూ ఉత్తర్వు ఇస్తామన్నారు.

పిల్ల ఏ పేచీ పెట్టలేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది. బొంగరానికి అదే గుబులు. బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చినా ఆమె బట్టలు గుమ్మం పక్కన సంచిలోనే ఉండేవి. ఉతికి ఆరిన గౌను మడతపెట్టి మళ్ళీ అందులోకే తోసేది.

అధికారిణి వచ్చే రోజు పొద్దున్నుంచీ అతని చూపు గుమ్మం పక్కకే పోతోంది. ఆ సంచి చూస్తే ఏమనుకుంటుందో. పిల్ల బడికి వెళ్ళగానే బట్టలన్నీ బీరువాలో సర్ది, సంచిని అటకెక్కించాడు.

ఒంటిపూట బడి. తిరిగొచ్చిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా సంచి ఏది మామయ్యా?"

"బట్టలు బీరువాలో పెట్టానమ్మా."

"మరి వెళ్ళమన్నప్పుడు ఎలా? పోయినసారి పెద్దమ్మ తొందరపెట్టింది. అమ్మ శాలువా అక్కడే ఉండిపోయింది."

అతను స్టూలెక్కి సంచి దించాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని బట్టలు సర్దుతుంటే అధికారిణి లోపలికి వచ్చింది.

"ఎక్కడికైనా బయల్దేరుతున్నారా?"

ఏదో ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"లేదు మేడమ్. అది ఎప్పుడూ సర్దుకునే ఉంటుంది. మీరు చూస్తారని సంచి నేనే దాచాను."

ఆవిడ పిల్లతో గదిలో విడిగా మాట్లాడింది. బొంగరం వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూ, కారని కుళాయిని రెండుసార్లు బిగించాడు.

"ఉంటానందా మేడమ్?" అన్నాడు ఆవిడ బయటికి రాగానే.

"మామయ్యకి పెళ్ళయితే నన్నెక్కడికి పంపిస్తారు అని అడిగింది. ఆ మాట మామయ్యనే అడగమన్నాను."

అతను లోపలికి వెళ్ళి పిల్ల ఎదురుగా చతికిలబడ్డాడు.

"నువ్వు ఒప్పుకోకపోతే పెళ్ళే లేదు. సరేనా?"

పిల్ల వంటింటి వైపు చూసింది.

"అంటే ఎప్పటికీ నీ వంటేనా?" అంది నీరసంగా.

ఆ ఇంట్లో ఆమె నోట వచ్చిన మొదటి ఫిర్యాదు అది. గుమ్మం దగ్గర అధికారిణి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఉత్తర్వు వచ్చింది. పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండేవరకు అతనే సంరక్షకుడు. చదివి వినిపిస్తే, "అయితే నువ్వు కూడా పంపించకూడదా?" అని అడిగింది. కూడదన్నాడు. సంచి మాత్రం కదల్లేదు. అతనూ ఆ ఊసెత్తలేదు.

కాగితం చేతికొస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాడు. అదేం జరగలేదు. లిఫ్టు నెత్తిన నిలబడి తాళ్ళకు గ్రీజు రాస్తున్నా, బడి వదిలారా, రోడ్డు దాటిందా అన్నదే ధ్యాస. గంటకోసారి పక్కవాటాకి ఫోను.

"ఇలా అయితే నేను మిషను తొక్కేదెప్పుడు నాయనా?" అని విసుక్కుంది ఆవిడ ఒకరోజు.

వెనకనుంచి పిల్ల ఫోను లాక్కుంది.

"ఆడుకోడానికి పోతున్నా మామయ్యా. ఊరికే చెయ్యకు" అని పెట్టేసింది.